దంతసిరి

తెలుగులో 'దంతసిరి' అనే మాట ఒకటి ఉంది. వేళకు కమ్మని భోజనం లభించే భాగ్యమని దాని భావం. విస్తరి నిండా పదార్థాలు ఉన్నా, వాటిని నమిలి రుచి తెలుసుకోవడానికి పళ్ళు లేకపోతే ఆ సిరి సగమే. జొన్నరొట్టె, చెరకుగడ, సకినాలు, జామకాయ – ఇవన్నీ పంటి బలాన్ని కోరే పదార్థాలు. పళ్ళూడిన వృద్ధులు పండుగనాడు కూడా మెత్తని మజ్జిగన్నంతో సరిపెట్టుకోవడం చాలా ఇళ్ళలో కనిపించే దృశ్యమే.

పంటి ప్రయోజనం ఆహారంతోనే ముగియదు. వ్యాకరణవేత్తలు వర్ణాలను అవి పుట్టే స్థానాలను బట్టి విభజించినప్పుడు త, థ, ద, ధ, న, ల, స వర్ణాలను దంత్యాలన్నారు. పెదవికి, పంటికి కలిగే పొందిక వల్ల పుట్టే 'వ'కారాన్ని దంత్యోష్ఠ్యమన్నారు. 'చలి', 'జల్లెడ' వంటి అచ్చ తెలుగు మాటల మొదట వినిపించే చ, జలు కూడా దంత్యాలే. ముందు పళ్ళు కోల్పోయినవారి నోట ఈ వర్ణాలలో కొన్ని సడలిపోతాయి. మంత్రం చెప్పే పురోహితునికైనా, పాఠం చెప్పే ఉపాధ్యాయునికైనా, సంతలో బేరమాడే వర్తకునికైనా ఇది చిన్న నష్టం కాదు. కవులు పలువరుసను మొల్లమొగ్గలతో, దానిమ్మ గింజలతో, ముత్యాలతో పోల్చారు. ఆ వరుసలో ఒక్క ముత్యం జారిపోయినా నలుగురిలో నవ్వడానికి వెనుకాడి, నోటికి చేయి అడ్డుపెట్టుకొనే వారెందరో ఉన్నారు.

పెద్దవారి నోటిలో జ్ఞానదంతాలతో కలిపి 32 పళ్ళు ఉంటాయి. పైకి కనిపించే తెల్లని భాగం పంటిలో కొంత మాత్రమే. మిగిలిన భాగం వేరులాగా దవడ ఎముకలో దిగి ఉంటుంది. నమిలేటప్పుడు కలిగే ఒత్తిడి ఈ వేరు ద్వారా ఎముకకు చేరుతుంది. ఆ ఒత్తిడే ఎముకను గట్టిగా నిలుపుతుంది. పన్ను ఊడిపోయిన తరువాత ఆ చోట ఎముకకు పని ఉండదు. పని లేని ఎముక క్రమంగా కరగడం మొదలవుతుంది. మొదటి సంవత్సరంలోనే దాని వెడల్పు గణనీయంగా తగ్గుతుంది. పక్కనున్న పళ్ళు ఖాళీవైపు ఒరుగుతాయి. ఎదుటి దవడలోని పన్ను ఆధారం లేక ఆ ఖాళీలోకి సాగుతుంది. ఈ విధంగా ఒక పంటి లోపం నోటి అమరికనంతటినీ కదిలిస్తుంది.

దంత చికిత్స మన దేశానికి కొత్తది కాదు. సుశ్రుతుడు పేర్కొన్న శస్త్ర పరికరాలలో దంతశంకువు ఒకటి. అయితే ఊడిన పంటికి బదులు మరొక పన్నును స్థిరంగా నిలపడం మాత్రం చాలాకాలం వరకు వైద్యులకు సాధ్యం కాలేదు. తీసి పెట్టుకొనే కట్టుడు పళ్ళు అందుబాటులోకి వచ్చాయి. అవి చిగురుమీద ఆని ఉంటాయి కాబట్టి నమిలేటప్పుడు కదులుతాయి. ఎముక కరిగేకొద్దీ వదులవుతాయి. రెండు పక్కల పళ్ళను ఆధారంగా చేసుకొని వంతెనలాగా కట్టే 'బ్రిడ్జి' మరొక పద్ధతి. ఇది స్థిరంగానే ఉంటుంది. కాని దానికోసం ఆరోగ్యంగా ఉన్న పక్క పళ్ళను అరగదీయవలసి వస్తుంది. పోయిన ఒక పంటికోసం ఉన్న రెండు పళ్ళను బలహీనపరచడం వైద్యులకూ, రోగులకూ మనసొప్పే పని కాదు.

ఈ సమస్యకు పరిష్కారం పంటి వైద్యశాలలో కాక, ఒక కుందేలు కాలి ఎముకలో దొరికింది. 1952లో స్వీడన్ దేశంలోని లండ్ నగరంలో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే శాస్త్రజ్ఞుడు ఎముకలోని రక్తప్రసరణను పరిశీలిస్తున్నాడు. అందుకోసం టైటానియం అనే లోహంతో చేసిన చిన్న పరికరాన్ని కుందేలు ఎముకలో అమర్చాడు. ప్రయోగం ముగిసిన తరువాత దానిని తీయబోతే అది రాలేదు. సజీవమైన ఎముక ఆ లోహాన్ని పరాయి వస్తువుగా భావించి నెట్టివేయకుండా, దాని ఉపరితలాన్ని అంటిపెట్టుకొని పెరిగింది. పరికరం పాడైపోయిందని విసుగుపడి ఊరుకొని ఉంటే కథ అక్కడితో ముగిసేది. బ్రోనెమార్క్ అలా చేయలేదు. ఎముక, లోహం ఒకటిగా కలిసిపోయే ఈ గుణాన్ని ఏళ్ళ తరబడి పరిశోధించాడు. దీనికే తరువాత 'ఆసియోఇంటిగ్రేషన్' అనే పేరు వచ్చింది.

1965లో గోథెన్‌బర్గ్ నగరంలో గోస్టా లార్సన్ అనే వ్యక్తికి బ్రోనెమార్క్ ఈ చికిత్స చేశాడు. లార్సన్ పుట్టుకతోనే దవడ లోపాలతో బాధపడినవాడు. కింది దవడలో పళ్ళు లేవు. తినడం, మాట్లాడడం రెండూ కష్టమే. అతని కింది దవడలో టైటానియం మరలు బిగించి, అవి ఎముకతో కలిసిపోయిన తరువాత వాటిమీద పళ్ళు అమర్చారు. 2006లో మరణించేవరకు, అంటే సుమారు నలభై సంవత్సరాలపాటు, ఆ అమరిక లార్సన్‌కు సేవ చేసింది. 1982లో కెనడాలోని టొరంటో నగరంలో జరిగిన సదస్సు తరువాత ఈ పద్ధతి ప్రపంచమంతటా ఆమోదం పొందింది. ఈ కృత్రిమ దంతమూలాన్నే నేడు వైద్యులు 'ఇంప్లాంట్' అంటున్నారు. మరలాంటి ఇంప్లాంట్ ఎముకలో వేరులాగా ఉంటుంది. దానిమీద ఒక చిన్న ఆధారం, ఆ ఆధారంమీద పంటి ఆకారంలో తొడుగు ఉంటాయి.

వినడానికి ఇది సులభమే. చేయడం అంత సులభం కాదు. సాధారణంగా ఇంప్లాంట్ మూడున్నర నుంచి ఐదు మిల్లీమీటర్ల లావు, ఎనిమిది నుంచి పదమూడు మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఇంత చిన్న వస్తువును ఎక్కడ, ఎంత లోతుకు, ఏ వాలులో దింపాలన్నదే వైద్యుని ముందున్న ప్రశ్న. కింది దవడ లోపల ఒక సన్నని సొరంగం ఉంది. అందులో ఒక నాడి ప్రయాణిస్తుంది. కింది పెదవికి, గడ్డానికి స్పర్శజ్ఞానాన్ని ఇచ్చేది ఆ నాడే. రంధ్రం చేసే పరికరం ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ లోతుకు దిగి ఆ నాడిని గాయపరిస్తే పెదవి మొద్దుబారుతుంది. కాఫీ ఎంత వేడిగా ఉన్నదో పెదవికి తెలియదు. తిన్న మెతుకు గడ్డానికి అంటుకొని ఉన్నా తెలియదు. కొందరిలో ఈ తిమ్మిరి కొన్ని వారాలలో తగ్గుతుంది. కొందరిలో జీవితాంతం ఉండిపోతుంది.

పై దవడలో మరొక చిక్కు ఉంది. దవడ పళ్ళకు పైన, ముక్కుకు ఇరువైపులా గాలితో నిండిన గదులు ఉంటాయి. అక్కడ ఎముక పలుచగా ఉంటే ఇంప్లాంట్ ఆ గదిలోకి చొచ్చుకుపోవచ్చు. కింది దవడకు నాలుకవైపున ఒక పల్లం ఉంటుంది. పరికరం వాలు తప్పి ఆ వైపు ఎముకను చీల్చుకొని బయటికి వస్తే నాలుక కింద రక్తస్రావం కలిగి, వాపు పెరిగి, శ్వాసకే అడ్డు వచ్చే ప్రమాదం ఉంది. ఇవి తరచుగా జరిగేవి కావు. అయినా జరిగినప్పుడు నష్టం చాలా పెద్దది.

వైద్యులు పూర్వం ఈ లోపలి మార్గాలను ఎక్స్‌రే చిత్రంలో చూసి అంచనా వేసేవారు. 1895లో రాంట్‌జన్ కనిపెట్టిన ఎక్స్‌కిరణాలు వైద్యానికి కొత్త చూపునిచ్చిన మాట నిజం. కాని సాధారణ ఎక్స్‌రే ఒక నీడ మాత్రమే. నీడను చూసి మనిషి ఎత్తు చెప్పగలమేమో కాని అతని మందం చెప్పలేం. అదే విధంగా ఎక్స్‌రేలో ఎముక ఎత్తు కనిపిస్తుంది. పెదవి వైపు నుంచి నాలుక వైపు వరకు దాని వెడల్పు ఎంతో కనిపించదు. నిజస్థితి చిగురును కోసి, ఎముకను బయటపెట్టిన తరువాత గాని తెలిసేది కాదు. అనుభవజ్ఞుడైన వైద్యుని చేతి నేర్పే అప్పుడు రోగికి రక్ష.

ఈ లోటును తీర్చినవి సీటీ స్కాన్, కంప్యూటర్. బ్రిటన్‌కు చెందిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సీటీ యంత్రంతో 1971లో మొదటిసారిగా ఒక రోగి తలను పరీక్షించారు. ఈ ఆవిష్కరణకు హౌన్స్‌ఫీల్డ్‌కు, దానికి గణిత ప్రాతిపదికను అందించిన అలన్ కార్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి లభించింది. ఆ తరువాత 1990వ దశకం చివర దంత వైద్యానికి అనువైన 'కోన్ బీమ్ సీటీ' వచ్చింది. ఇందులో శంకువు ఆకారంలో వెలువడే ఎక్స్‌కిరణాలు తల చుట్టూ తిరుగుతూ కొద్ది సెకన్లలో వందలాది చిత్రాలు తీస్తాయి. కంప్యూటర్ వాటన్నింటినీ కూర్చి దవడకు త్రిపరిమాణ రూపం కల్పిస్తుంది. నాడి సొరంగం, గాలిగది, ఎముక ఎత్తు, వెడల్పు అన్నీ తెరమీద కనిపిస్తాయి. సాధారణంగా ఆసుపత్రులలోని పెద్ద సీటీ యంత్రాలకంటే దీనిలో కిరణాల మోతాదు తక్కువ. మామూలు పంటి ఎక్స్‌రేకంటే మాత్రం ఎక్కువే. కాబట్టి అవసరం ఉన్నప్పుడే దీనిని తీయాలన్నది నియమం.

కంప్యూటర్ మార్గదర్శకత్వంలో చేసే శస్త్రచికిత్స ఇక్కడినుంచి మొదలవుతుంది. దవడ స్కాన్‌తో పాటు పళ్ళ, చిగుళ్ళ ఉపరితలాన్ని కూడా చిన్న కెమెరాతో గాని, అచ్చు తీసి గాని నమోదు చేస్తారు. ఎముకను చూపే చిత్రాన్ని, చిగురును చూపే చిత్రాన్ని కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి సరిపోయేలా కలుపుతారు. ఆ తరువాత వైద్యుడు నాడి మార్గాన్ని రంగుతో గుర్తిస్తాడు. రాబోయే పన్ను ఎక్కడ, ఏ ఆకారంలో ఉండాలో ముందుగా నిర్ణయిస్తాడు. దానికి తగినట్లుగా ఎముకలో ఇంప్లాంట్ స్థానాన్ని ఎంచుకుంటాడు. కంసాలి రాయిని చేతిలో పెట్టుకొని, దాని కొలతను బట్టి ఉంగరంలో గూడు తీర్చుతాడు. గూడు ముందు చేసి, దానికి సరిపోయే రాయికోసం వెతకడు. ఇక్కడి పద్ధతీ అటువంటిదే. పన్ను ముందు, వేరు తరువాత. నాడికి, ఇంప్లాంట్ కొనకు మధ్య కనీసం రెండు మిల్లీమీటర్ల ఎడం ఉండాలని నియమం పెట్టుకొంటారు.

తెరమీద గీసిన ఈ పథకాన్ని నోటిలోకి చేర్చేది 'సర్జికల్ గైడ్' అనే మార్గదర్శక ఫలకం. త్రిపరిమాణ ముద్రణ యంత్రంలో దీనిని రెసిన్‌తో తయారుచేస్తారు. ఇది రోగి పళ్ళమీద, చిగురుమీద కదలకుండా అతుక్కొని కూర్చుంటుంది. ఇంప్లాంట్ దిగవలసిన చోట దీనిలో ఒక రంధ్రం, ఆ రంధ్రంలో చాలా ఫలకాలలో ఒక లోహపు గొట్టం ఉంటాయి. రంధ్రం చేసే పరికరం ఆ గొట్టం గుండానే వెళ్ళాలి. అందువల్ల అది పక్కకు ఒరగదు. నిర్ణయించిన లోతును దాటకుండా పరికరానికి అడ్డు కూడా ఉంటుంది. మేస్త్రి గోడ కట్టేటప్పుడు దారం పట్టి, గుండు వేలాడదీసి వాలు చూసుకొన్నట్లు, వైద్యుడు ఈ ఫలకాన్ని ఆధారం చేసుకొంటాడు.

దీనికి భిన్నమైన పద్ధతి మరొకటి ఉంది. ఇందులో ఫలకం ఉండదు. రోగి దవడకు, వైద్యుని చేతిలోని పరికరానికి గుర్తులు అమర్చుతారు. కెమెరాలు ఆ గుర్తులను నిరంతరం గమనిస్తూ, పరికరపు కొన ఎముకలో ఎక్కడ ఉన్నదో ఆ క్షణంలోనే తెరమీద చూపుతాయి. కొత్త ఊరిలో కారు నడిపేవారికి ఫోనులోని పటం దారి చూపినట్లే ఇది దారి చూపుతుంది. 2017లో చైనాలోని షియాన్ నగరంలో ఒక రోబో వైద్యుల పర్యవేక్షణలో ఒక రోగికి రెండు ఇంప్లాంట్లను అమర్చింది. అయినా పథకం వేసినవారు, పక్కన నిలిచి కాపలా కాసినవారు మనుషులే.

ఈ విధానం వల్ల రోగికి కలిగే మేలు అనేక విధాలు. మొదటిది భద్రత. నాడిని, గాలిగదిని తప్పించే మార్గం కత్తి పట్టకముందే నిర్ణయమవుతుంది. రెండవది గాయం తగ్గడం. ఎముక తగినంత ఉన్నవారిలో చిగురును పొడుగునా కోసి తెరవవలసిన అవసరం ఉండదు. చిన్న రంధ్రంతోనే పని ముగుస్తుంది. అటువంటప్పుడు నొప్పి, వాపు, రక్తస్రావం తక్కువగా ఉంటాయి, కుట్లు కూడా చాలావరకు అవసరం కావు. మూడవది కాలం. ఆలోచించవలసినదంతా ముందే ఆలోచించి ఉంటారు కాబట్టి రోగి నోరు తెరిచి ఉండవలసిన సమయం తగ్గుతుంది. నాలుగవది ఫలితం. ఇంప్లాంట్ సరైన వాలులో నిలిస్తే దానిమీది పన్ను అందంగా కుదరడమే కాక, శుభ్రం చేసుకోవడానికి కూడా వీలుగా ఉంటుంది. ఐదవది అవగాహన. తన దవడలో ఏమి జరగబోతున్నదో రోగి తెరమీద స్వయంగా చూడగలడు. తెలియని దానికి భయపడడం మానవ సహజం. చూసి, అడిగి తెలుసుకొన్నప్పుడు ఆ భయం చాలావరకు తొలగుతుంది.

మేలు చెప్పినప్పుడు పరిమితి చెప్పకపోతే ఆ వివరణ అసంపూర్ణమవుతుంది. కంప్యూటర్ చూపే మార్గానికి, నిజంగా ఇంప్లాంట్ నిలిచే స్థానానికి మధ్య కొంత తేడా ఉంటుంది. అనేక పరిశోధనల ఫలితాలను కలిపి చూసినప్పుడు ఈ తేడా ఎముక పైభాగంలో సగటున 1.2 మిల్లీమీటర్లు, కొన వద్ద 1.4 మిల్లీమీటర్లు, వాలులో మూడున్నర డిగ్రీలని తేలింది. నాడికి రెండు మిల్లీమీటర్ల ఎడం పాటించడంలోని అంతరార్థం ఇదే. స్కాన్ తీసేటప్పుడు రోగి కదిలినా, రెండు చిత్రాలను కలపడంలో పొరపాటు జరిగినా, ఫలకం సరిగా కూర్చోకపోయినా ఆ తేడా పెరుగుతుంది. ఒక దశలోని చిన్న దోషం తరువాతి దశలోని దోషంతో కలిసి పెద్దదవుతుంది.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. ఎముక 47 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒక్క నిమిషం ఉన్నా దెబ్బతినే అవకాశం ఉంది. అందుకే రంధ్రం చేసేటప్పుడు చల్లని సెలైన్ ద్రవాన్ని ధారగా పోస్తారు. ఫలకం అడ్డుగా ఉండడం వల్ల ఆ ధార ఎముకకు సరిగా అందకపోవచ్చు. నోరు పెద్దగా తెరవలేని వారికి, ముఖ్యంగా వెనుక పళ్ళ చోట, పొడవైన పరికరాలతో ఈ పద్ధతిని అనుసరించడం కష్టం. స్కానుకు, ఫలకానికి అదనపు ఖర్చు ఉంటుంది. ఎముక పుష్కలంగా ఉండి, ఒక్క పన్నే పోయినప్పుడు అనుభవం గల వైద్యుడు ఫలకం లేకుండానే చక్కగా చేయగల సందర్భాలు ఉన్నాయి. యంత్రం వైద్యుని చూపును పెంచుతుంది. అతని వివేకానికి బదులుగా నిలవలేదు.

ఇంప్లాంట్ అమర్చిన రోజుతో చికిత్స పూర్తి కాదు. ఎముక లోహాన్ని అల్లుకోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. కొందరికి అదే రోజు తాత్కాలికమైన పన్ను పెట్టగలిగినా, ఎముక కలిసేదాకా దానిమీద బరువు పడకుండా చూసుకోవాలి. అదుపులో లేని మధుమేహం, పొగాకు, గుట్కా అలవాట్లు ఈ కలయికకు శత్రువులు. కంప్యూటర్ ఎంత ఖచ్చితంగా దారి చూపినా, మానని గాయాన్ని అది మాన్పలేదు. ఇంప్లాంట్‌కు పిప్పి పట్టదు కాని దాని చుట్టూ ఉన్న చిగురుకు, ఎముకకు వ్యాధి వస్తుంది. కాబట్టి దానినీ సొంత పంటిలాగానే రోజూ తోముకోవాలి.

ఈ చికిత్స అన్ని వయసులవారికి ఒకటే కాదు. ఆటలలో గాని, వాహన ప్రమాదాలలో గాని ముందు పన్ను పోగొట్టుకొనే విద్యార్థులు ఉంటారు. దవడ పెరుగుదల పూర్తికాని వయసులో ఇంప్లాంట్ అమర్చరు. చుట్టూ ఉన్న ఎముక, పళ్ళు ఎదుగుతుంటే ఇంప్లాంట్ మాత్రం ఉన్నచోటనే ఉండి, దానిమీది పన్ను లోపలికి కుంగినట్లు కనిపిస్తుంది. అందువల్ల పెరుగుదల ముగిసేవరకు తాత్కాలికమైన పన్నుతో వేచి ఉండడమే ఉత్తమం. దెబ్బ తగిలి పన్ను మొత్తంగా ఊడివచ్చినప్పుడు దానిని పారవేయకూడదు. వేరును రుద్దకుండా, పాలలో ఉంచి వెంటనే దంత వైద్యుని వద్దకు తీసుకొని వెళితే తిరిగి అదే స్థానంలో నిలపగల అవకాశం ఉంది.

చికిత్సకు సిద్ధపడేవారు వైద్యుని అడిగి తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. తన ఎముక ఎంత ఉంది? నాడికి ఎంత దూరంలో ఇంప్లాంట్ దిగుతుంది? ఫలకం వాడడం తన విషయంలో నిజంగా అవసరమా? దాని వల్ల పెరిగే ఖర్చు ఎంత? ఈ ప్రశ్నలకు తెరమీది చిత్రాన్ని చూపుతూ ఓపికగా సమాధానం చెప్పే వైద్యుడు దొరకడం రోగికి సగం ధైర్యం.

కుందేలు ఎముకను విడిచిపెట్టని ఒక చిన్న లోహపు ముక్కతో మొదలైన ఈ ప్రయాణం, మిల్లీమీటరులో భాగాలను లెక్కించే కంప్యూటర్ వరకు వచ్చింది. దీనివల్ల నమలలేనివారు నమలగలుగుతున్నారు, మాట తడబడినవారు స్పష్టంగా మాట్లాడగలుగుతున్నారు. అయినా టైటానియం వేరుకు లేని ఒక గుణం సహజమైన పంటికి ఉంది. పంటి వేరుకు, ఎముకకు మధ్య ఉండే మెత్తని పొర అన్నంలోని చిన్న రాయిని కూడా వెంటనే పసిగట్టి హెచ్చరిస్తుంది. ఆ సూక్ష్మమైన స్పర్శను ఏ యంత్రమూ ఇంతవరకు పూర్తిగా తిరిగి ఇవ్వలేదు. పోయిన పంటికి చికిత్స ఉండడం ఈ కాలపు భాగ్యం. ఉన్న పంటిని చివరివరకు నిలుపుకోవడం అంతకంటే పెద్ద దంతసిరి.